పిండి కలపని ఇంగువ

మా తోడికోడలు కృత్తిక కోసం వంటింట్లో ఒక అర ఖాళీ చేశాను. రెండు గిన్నెలు, ఒక బాణలి, ఒక గరిటె, ఒక జల్లెడ, చేయి తుడుచుకోవడానికి ఒక తువ్వాలు. గిన్నెల పిడులకు ఎర్ర దారం కట్టాను, చపాతీ పిండి తగిలిన చేయి పొరపాటున కూడా వాటిమీద పడకూడదని. ఆదివారం మిగతావాళ్ళకు చపాతీలు చేసే ముందే ఆమె వంట ముగించి, మూత పెట్టి, పూజ గదిలో ఉంచేదాన్ని. తినకూడని వాటి పట్టికను ఫ్రిజ్ తలుపుకు అంటించాను. రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్టు, పరోటా, ఇంకా డాక్టరమ్మ అచ్చువేసి ఇచ్చినవన్నీ. దాని అడుగున నేను చదివి తెలుసుకున్న మరో ఏడు చేర్చాను. ఈ ఇంట్లో పట్టికలు రాసేది నేనే. తప్పులు పట్టేదీ నేనే.

కృత్తికది మేలూరు. మా మరిది కన్నన్‌ను చేసుకుని కోయంబత్తూరు వచ్చి మూడేళ్ళు. వచ్చినప్పుడు బొద్దుగా ఉండేది. రెండో ఏడు నుంచి కరిగిపోవడం మొదలైంది. తిన్నది నిలవదు, కడుపు ఉబ్బుతుంది, దువ్వెన నిండా వెంట్రుకలు. ఒకసారి నెల తప్పి, పదో వారంలో పోయింది. చివరకు అవినాశి రోడ్డులోని ఒక పెద్ద ఆస్పత్రిలో గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. నేను, కన్నన్ వెంట ఉన్నాం. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఇది సీలియాక్ జబ్బు. గోధుమలో ఉండే ఒక జిగురు పదార్థం లోపలికి పోతే, ఒంటిని కాయాల్సిన కాపలాయే తిరగబడి పేగును కొరుకుతుంది. దీనికి మాత్ర లేదు. గోధుమ మానడమే మందు, అదీ బతికినన్నాళ్ళు. చిటికెడైనా సరే రోజూ పడితే పుండు మానదని ఆమె రెండుసార్లు అన్నది. కన్నన్ తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఫోను వంక చూస్తూ ఉన్నాడు.

"మనది అన్నం తినే ఇల్లు. ఇదొక కష్టమా," అని బయటికి వచ్చాక నేనే కృత్తికకు ధైర్యం చెప్పాను.

రక్తంలో చూసే అంకె పదికి లోపల ఉండాలి. ఆమెకు నూట నలభై రెండు ఉండింది. ఆరు నెలలు నా అరలోని గిన్నెల్లో వండి పెట్టాక నూట ఇరవై ఒకటి. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి, ఈ అమ్మాయి ఎక్కడో గోధుమ తింటోంది, ఇంట్లో మెల్లగా అడగండి అని నాతో తమిళంలో చెప్పింది. ఆమె తప్పు పట్టినట్టు కూడా అనలేదు. ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చాను.

మా అత్త మీనాంబాళ్‌కు అంతకుమించి అక్కర్లేకపోయింది. మా పేట తెలుంగుపాళయంలో మా వీధి మొదట్లో ఒక బేకరీ, చివర్లో ఒక బేకరీ. సాయంత్రం నాలుగు గంటలకు బన్నుల వాసన మా వాకిట్లోకి వస్తుంది. కృత్తిక గుడికని బయలుదేరినా, టైలరు దగ్గరికని బయలుదేరినా అత్త తిన్నె మీద కూర్చుని ఎన్ని నిమిషాలకు తిరిగొచ్చిందో చూసేది. వచ్చినాక దగ్గరికి పిలిచి జడ సర్దుతున్నట్టు వంగి నోరు వాసన చూసేది. ఒకరోజు వడియాలు ఎండబెడుతూ, పక్కింటివాళ్ళకు వినబడేలా అన్నది:

"నోరు కట్టుకోలేని దానికి కడుపెట్లా నిలస్తాది?"

నేను నోరు వాసన చూడలేదు. ఆమె స్నానానికి పోయినప్పుడు చేతిసంచి వెతికాను. అడుగున నూనె మరకలున్న బేకరీ కాగితం ఒకటి దొరికింది. దాన్ని బల్లమీద పెట్టి ఏమిటని అడిగాను. వేరుశెనగ మిఠాయి కొనుక్కున్నాను అక్కా, అందులో గోధుమ లేదని నువ్వే చెప్పినావే అన్నది. నిజమే, నేనే చెప్పాను. అయినా ఆ కాగితాన్ని మడిచి నా దగ్గర ఉంచుకున్నాను.

ఇక్కడ మా వ్యాపారం సంగతి చెప్పాలి. మాది ఇంగువ. ఇంట్లో తమిళుల మాదిరే పెరుంగాయం అంటాం. దూరదేశం నుంచి వచ్చే ముడి ఇంగువ ఘాటు ఎవరూ తట్టుకోలేరు. దాన్ని నానబెట్టి, చెట్టు బంకతో కలిపి ముద్ద చేసి, పలకలుగా పరిచి ఎండబెట్టి అమ్ముతారు. చాలామంది గోధుమ పిండి కలుపుతారు. మేము కలపం. "పిండి కలపని పెరుంగాయం" అన్న పేరు మీదే మా సరుకు మధురై మెస్సుల దాకా పోతుంది. మా మామ వేలుసామి కొత్త వ్యాపారి ఎవరు వచ్చినా ఆ మాటతోనే మొదలుపెడతారు. కలపడం ఊళ్ళో జరగదు. కినత్తుకడవు తోపులో ఒక షెడ్డు ఉంది. పాళ్ళు మామకూ, ఎనిమిదేళ్ళుగా కన్నన్‌కూ మాత్రమే తెలుసు. నా భర్త నందకుమార్ అంగడి చూసుకుంటాడు కాబట్టి ఆయనకు కూడా చెప్పలేదు. ఆడవాళ్ళు ఆ గడప తొక్కితే ముద్ద పొంగి చెడిపోతుందని అత్త నమ్మకం. కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ మాటకు లోలోపల నవ్వుకున్నాను. లోపల ఏం కలుస్తోందో అడగాలని మాత్రం తోచలేదు.

ఎండిన పలకలు వ్యానులో ఇంటికి వస్తే వెనక వసారాలో కూర్చుని కోసి పొట్లాలు కట్టేది మేమే. నేను, కృత్తిక, పక్కవీధి ఆరోగ్యమేరి. పరలోకంలో తన పేరు అడగరనీ, వాసన చూసి తెలుంగుపాళయం మేరి వచ్చిందని వాకిలి తీస్తారనీ ఆరోగ్యమేరి నవ్వించేది. కృత్తిక ఆ ఇంట్లో నవ్వేది ఆ వసారాలోనే.

ఇంగువ అమ్మే ఇంట్లో కడుపుబ్బరానికి మందు ఒకటే. శనగగింజంత ముక్క నువ్వుల నూనెలో పొంగించి, నలిపి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగాలి. నా కూతురు అభిరామికి పాలు మరిపించిన రోజు నుంచి అదే. కృత్తికకు జబ్బు తేలిన మర్నాడే అత్త ఆ మాట అన్నది, నేను మొదలుపెట్టాను. ఆమె ఎర్ర దారం గిన్నెలోనే. ఆరు నెలలకూ ఉబ్బరం తగ్గలేదని రెండు పూటలా చేశాను. తాగేదాకా పక్కన నిలబడేదాన్ని.

తై నెలలో, సంక్రాంతి దాటాక, కృత్తిక తల్లి కనకమ్మను, మేనమామ సుబ్రమణియంను పిలిపించారు. సుబ్రమణియంకు మధురైలో మెస్సు ఉంది, మా సరుకే వాడతాడు. అత్త ఒక ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి హాల్లో నేలమీద పెట్టింది. మా వైపు మాటకు మాట ఎదురైతే కర్పూరం కొట్టి సత్యం చేయిస్తారు. మండుతున్న బిళ్ళ మీద అరచేయి వేసి ఆర్పి చెప్పిన మాట అబద్ధమైతే ఆ వంశం నిలవదని నమ్మకం. కనకమ్మ, చిన్నపిల్ల దానికెందుకమ్మా ఇంత సత్యం అని బతిమాలింది. కృత్తిక వంగి, మంట మీద చేయి వేసి, "ఈ ఆరునెల్లలో నేను గోధుమ నోట పెట్టలేదు," అన్నది. చేయి ఎత్తినప్పుడు అరచేతిలో నల్లటి గుండ్రని మచ్చ ఉంది. సుబ్రమణియం కండువా దులుపుకుని, సరి, తీరింది అన్నాడు. కన్నన్ మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

నాలుగు నెలలకు మళ్ళీ పరీక్ష. నూట ముప్పై మూడు.

ఆ కాగితం చూసిన రోజు నుంచి అత్త కృత్తికను దీపం ముట్టనివ్వలేదు. శుక్రవారం ఇంటికి వచ్చిన ముత్తైదువలకు పసుపు కుంకుమ నాచేతే ఇప్పించేది. పొయ్ సత్యం, అంటే అబద్ధపు ప్రమాణం, చేసిన చెయ్యి అని మేలూరుకు ఫోను చేసి కనకమ్మకు కూడా చెప్పింది. కనకమ్మ కూతురితో మాట్లాడడం తగ్గించింది. వైగాసి నెల ఎండలు దాటాక అమ్మాయిని పుట్టింట దింపుదాం, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అని పెద్దలు అనుకుంటున్నట్టు నందకుమార్ నాతో అన్నాడు. తర్వాత సంగతి అంటే ఏమిటో మా ఇళ్ళలో విడమర్చి చెప్పరు. కృత్తిక ఒక సాయంత్రం వసారాలో నన్ను సూటిగా అడిగింది. నువ్వు నమ్ముతావా అక్కా అని. ఆ అంకె నా మనసులో ఉంది. రక్తం అబద్ధం చెప్తుందా కృత్తికా అన్నాను. మజ్జిగ ఇస్తే తాగింది.

ఆ వైగాసిలోనే పెద్ద దుకాణాల కంపెనీ ఒకటి మా సరుకు తీసుకుంటామన్నది. వాళ్ళకు పొట్లం మీద అన్నీ అచ్చు ఉండాలి. ఏ వస్తువు ఎంత కలిసిందో ఎక్కువదాన్నుంచి తక్కువదాకా వరుసగా రాయాలి, తామే ల్యాబులో పరీక్ష చేయించి సరిచూస్తామన్నారు. దీన్ని కొత్త పేరుతో వేద్దాం, మన పాత పేరు అట్లానే ఉండనీ అన్నారు మామ. ఇంగ్లీషులో రాయాలి కాబట్టి నన్ను పిలిచారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు, నేను కింద చాప మీద.

"రాసుకో మ్మా. మైదా. బంక. పెరుంగాయం. నువ్వుల నూనె."

నేను మైదా దాకా రాసి ఆగాను. మనది పిండి కలపనిది కదా మామా అన్నాను. అది మా నాయన కాలంలో అన్నారు, చాలా మామూలుగా, ఎండ ఎక్కువైందన్నంత మామూలుగా. ఇరవై ఏళ్ళుగా సగానికి పైన మైదానేనట. అందరూ చేసేదేనట. వాళ్ళు పంపిన కాగితంలో ఇంకొక నిబంధన ఉంది. ఒంటికి పడనివాళ్ళు ఉంటారు కాబట్టి గోధుమ ఉంటే గోధుమ ఉందని వేరుగా ఒక వరుస అచ్చువేయాలి. ఆ వరుస నా చేత్తో రాస్తున్నప్పుడు రెండు పూటల మజ్జిగ నా కళ్ళముందుకు వచ్చింది.

"మామా, కృత్తికకు దినమూ ఇస్తా ఉండాను నేను."

ఆయన ఉయ్యాల ఆపారు. అది మందు కదా మ్మా, చపాతీనా పరోటానా అన్నారు. ఆయనకు నిజంగానే ఇప్పుడే తోచిందో, ముందే తోచిందో ఆ మొహంలో నాకు తెలియలేదు. తెలిసింది ఒక్కటే. ఆయన వెంటనే, ఇకమీదట ఆ పిల్లకు పెట్టొద్దు, అంతటితో సరి అన్నారు.

కన్నన్ షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పెరట్లో పట్టుకున్నాను. నీకు తెలుసు కదా అన్నాను. నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. కలిపే పని అప్పగించిన రోజు నాయన ముందు కర్పూరం కొట్టినాను ఒదినా, పాళ్ళు పెళ్ళాం కాడ కూడా చెప్పనని అన్నాడు. డాక్టరమ్మ చెప్పినప్పుడు చిటికెడు ఏం చేస్తుందిలే అనుకున్నాడట. ఆరు నెలల పరీక్ష తర్వాత అనుమానం వచ్చి నాయనను అడిగాడట. నోరు మూసుకోమన్నారట.

"మరి ఆ పిల్ల కర్పూరం మీద చెయ్యి పెడతా ఉంటే చూస్తా నిలబడుకున్నావే?"

"నేనేమి చేసేది ఒదినా," అన్నాడు. చెంబు బోర్లించి లోపలికి పోయాడు.

కృత్తికకు నేనే చెప్పాను. మేడ మీద బట్టలు తీస్తోంది. ఏడుస్తుందనుకున్నాను. ఏయే వాటిలో అని అడిగింది. వరుసగా చెప్పాను. సాంబారు, రసం, ఊరగాయ, అప్పడం, పప్పుల పొడి, మజ్జిగ. మజ్జిగ రెండు పూటలా అని ఆమే అన్నది. కన్నన్‌కు తెలుసన్న మాట నేను దాచాలనుకుంటే దాచగలిగేదాన్ని. దాచలేదు. ఆ రోజు నాలో అంత నిజాయితీ ఉంది. ఆమె చేతిలోని చొక్కా కన్నన్‌ది. దాన్ని మడత పెట్టడం పూర్తిచేసి మిగతా వాటి మీద పెట్టింది.

ఆ సాయంత్రం హాల్లో అందరి ముందు ఒకటే అడిగింది. నేను సత్యం చేసినప్పుడు ఎవరెవరున్నారో వాళ్ళందర్నీ పిలిచి, నేను అబద్ధం చెప్పలేదని మీ నోటితో చెప్పండి. వైద్యం ఖర్చు అడగలేదు, క్షమాపణ అడగలేదు. మామ కుదరదన్నారు. సుబ్రమణియం ముందు మైదా మాట ఎత్తితే రేపు మధురైలో ఒక్క మెస్సు మన సరుకు తాకదు. నీ తిండిలో ఇక పెరుంగాయం ఉండదు, ఒళ్ళు బాగవుతుంది, బాగైతే అందరికీ తెలుస్తుంది కదా అన్నారు. అత్త అంతసేపూ వేళ్ళు విరుచుకుంటూ విన్నది. ఆమెకు ఒక దారి దొరికింది.

"ఏమైనా గోధుమ తినింది తినిందే కదా. అప్పుడు సత్యం పొయ్యే కదా," అన్నది.

కృత్తిక కన్నన్ వైపు చూసింది. అతను టీవీ శబ్దం తగ్గించాడు. అంతే చేశాడు.

మర్నాడు పొద్దున ఆమె ఒక సంచితో బయలుదేరింది. వాకిలి దాకా నేను పోయాను. అక్కా, నువ్వూ రా, మా అమ్మ కాడ నువ్వు చెప్తే నమ్ముతాది అన్నది. అభిరామికి బడి తెరుస్తున్నారన్నాను. బడి తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అయితే ఫోను చేయిస్తాను, అప్పుడు చెప్పు, మా ఆయనకు తెలుసన్నది కూడా చెప్పు అన్నది. చెప్తాను అన్నాను. ఆమె మూల తిరిగేదాకా నిలబడ్డాను. తిరిగి వచ్చి ఆమె అరలోని గిన్నెలు కడిగి బోర్లించాను.

ఆ రాత్రి మామ నందకుమార్‌ను పిలిచి మాట్లాడారు. నాతో నేరుగా ఏమీ అనలేదు. గడప దాటకూడని మాట దాటితే అంగడి మూసుకోవాల్సిందే, అప్పుడు నీకు పెట్టేదీ ఉండదు, అభిరామి చదువుకూ ఉండదు అన్నారట. నందకుమార్ పడక మీద కూర్చుని, మనకెందుకు బృందా, వాళ్ళ మొగుడూ పెళ్ళాల సంగతి వాళ్ళు చూసుకుంటారు అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు. చెప్పకపోవడాన్ని ఆయన ఒప్పుకోలు అనుకున్నాడు. తప్పుగా అనుకోలేదు.

ఫోను నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. వంటింట్లో ఉన్నాను. నందకుమార్ భోజనానికి కూర్చున్నాడు, అత్త నేలమీద కరివేపాకు దూస్తోంది. కనకమ్మ గొంతు వినగానే అత్త చేయి ఆగింది. స్పీకరు వేయమని సైగ చేసింది. వేశాను. అవతల కూడా స్పీకరే అని తెలుస్తూనే ఉంది, సుబ్రమణియం దగ్గు వినిపించింది.

కనకమ్మ ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవదు, పాప అంటుంది. పెరుంగాయంలో గోధుమ ఉండాది అంటా ఉంది మా పిల్ల, నిజమేనా పాపా అని అడిగింది. అత్త నా మొహంలోకే చూస్తోంది. ఈ నాలుగు రోజులూ ఏం చెప్పాలో నేను కూర్చి పెట్టుకున్నాను. సరుకు అంతటిలో ఉందని అనకుండా, కొత్తగా వచ్చిన సరుకులో కొంచెం ఉందని ఇప్పుడే తెలిసిందన్నాను. ఇంటికి వాడింది కూడా అదే అయ్యుండొచ్చు అన్నాను. ఒక్కొక్క మాట తూచి వేశాను. అబద్ధం అని వేలు పెట్టి చూపించలేని మాటలు.

సుబ్రమణియం ఏదో గొణిగాడు. కనకమ్మ అతన్ని ఆపింది.

"నీకు తెలీదు, నా బిడ్డకు తెలీదు. సరి. తెలీక జరిగితే దేవుడికి కూడా తప్పు లేదు. మా అల్లుడికి తెలుసు, తెలిసే ఊరుకున్నాడు అంటా ఉంది ఇది. అట్లా ఒక మొగుడు ఊరుకుంటాడా అని నేను నమ్మలా. పొయ్ సత్యం చేసిన నోరు, ఇప్పుడు మొగుడి మీద చెప్తా ఉందేమో అని తోస్తాది. నువ్వు చదువుకున్న పిల్లవి. నువ్వు చెప్పు పాపా. కన్నన్‌కు తెలుసునా?"

అన్నం ముద్ద నోటి దగ్గర ఆపి నందకుమార్ నావైపు చూస్తున్నాడు. అవతల ఒక ఊపిరి వినిపించింది. కృత్తిక ఊపిరి నాకు తెలుసు, వసారాలో రెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. పొట్లం కాగితం మడిచేటప్పుడు ఊపిరి బిగబట్టి, మడత పడ్డాక వదులుతుంది.

"నాకు తెలీదు పెద్దమ్మా," అన్నాను.

కొంచెంసేపటికి ఊపిరి వదిలిన చప్పుడు.

"చాలు అక్కా," అన్నది కృత్తిక. గొంతులో కోపం కూడా లేదు. ఫోను పెట్టేశారు.

అత్త లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుని బల్లమీద పెట్టింది. "బాగా చెప్పినావు మ్మా," అన్నది. ఈ ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నందకుమార్ మజ్జిగ అడిగాడు. పోశాను.